గింజల్లో కొలిచిన కూలి: ధాత కరువు నుంచి రంగూన్ రేవు దాకా

పరాయి కూలీలు వస్తే స్థానికుల కూలి పడిపోతుందనే మాట చాలా పాతది. బంగారుపాళ్యం మామిడి మార్కెట్ యార్డు దగ్గర సీజన్‌లో ఈ మాట నేను ఏటా వింటాను. 19వ శతాబ్దపు నేటాల్‌లో తెల్ల వలసదారులు మన కూలీల గురించి ఇదే మాట అన్నారు. 1930లో రంగూన్ రేవులో పని పోగొట్టుకున్న బర్మీయులు తెలుగు కూలీల గురించి ఇదే మాట అన్నారు. దేశాలు మారినా, కాలాలు మారినా మాట మారలేదంటే దానిలో ఎంతో కొంత నిజం ఉండాలి. ఆ నిజం ఎంత, దాని మాటున దాగిన అబద్ధం ఎంత అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నాను. మన వైపు నుంచి సముద్రాలు దాటిపోయిన కూలీల చరిత్రనే దీనికి ఆధారంగా తీసుకుంటాను. ఎందుకంటే ఆ చరిత్రలో పరాయి కూలీలం మనమే.

ముందుగా ఒక కొలత సంగతి. కూలిని డబ్బుల్లో చెబితే అది ఎక్కువో తక్కువో తెలియదు. రోజుకు ఎంత ఇచ్చారన్నది సగం ప్రశ్న. ఆ డబ్బుకు ఎన్ని పళ్ల రాగులు వచ్చాయన్నది మిగతా సగం. ఆర్థికశాస్త్రం దీన్నే నిజవేతనం అంటుంది. మన పల్లెల్లో కూలీలు ఆ శాస్త్రం చదవకుండానే కూలిని గింజల్లో అడిగారు. గింజల ధర పెరిగిన ఏడు భూస్వామి డబ్బుల్లో ఇస్తాననడం, ధర పడిన ఏడు గింజల్లో ఇస్తాననడం వాళ్లకు అనుభవంలో ఉన్న విషయమే. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ వ్యవసాయ కూలీల సమ్మెను తెలుగు నవలలోకి తెచ్చింది. ఆ నవలను ఆనాటి మద్రాసు ప్రభుత్వం ఊరికే నిషేధించలేదు. కూలి లెక్క అడగడమంటే వ్యవస్థ లెక్క అడగడమేనని పాలకులకు తెలుసు.

ధాత కరువు

బంగారుపాళ్యం ఒకనాడు చిత్తూరు పాళెగాళ్ల పాళేల్లో ఒకటి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఇది ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. సముద్రాంతర వలసల పత్రాల్లో ‘ఉత్తర ఆర్కాటు’ అని కనిపించినచోట తమిళ తాలూకాలతో పాటు చిత్తూరు, పలమనేరు ప్రాంతాల తెలుగు పల్లెలు కూడా ఉన్నాయని సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోవాలి. లేకపోతే మన వలస చరిత్రలో పెద్ద భాగం మనది కాకుండా పోతుంది.

1876లో వానలు తప్పాయి. ఆ ఏడు పేరు ధాత. 1878 దాకా సాగిన ఆ కరువును మన ప్రాంతం ‘ధాత కరువు’గానే గుర్తుపెట్టుకుంది. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది చచ్చిపోయారు. అయితే ఆ కరువులో గింజలే లేకుండా పోయాయని అనుకుంటే పొరపాటు. రైలుబండ్లు గింజలు మోస్తూనే ఉన్నాయి, వర్తకుల కొట్లలో నిల్వలు ఉన్నాయి. గింజల ధర రెట్టింపును దాటిపోయింది. అదే సమయంలో పొలం పని ఆగిపోయి కూలి సున్నా అయింది. ధరకూ కూలికీ మధ్య తెగిపోయిన ఆ లంకె దగ్గరే జనం చచ్చారు. కరువులో మనిషి చచ్చేది తిండి లేక కాదు, ఉన్న తిండిని కొనుక్కునే హక్కు లేక అని అమర్త్య సేన్ 1981లో సిద్ధాంతరూపంలో చెప్పిన విషయం మన పల్లెలు వందేళ్ల ముందే ప్రాణాలతో రుజువు చేశాయి.

ఆ కరువులోనే మన ప్రాంతపు చరిత్రలో ఒక కొత్త సంగతి జరిగింది. కూలి మనిషి బతకడానికి కనీసం ఎంత కావాలని ప్రభుత్వం లెక్క వేసింది. 1877 జనవరిలో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలి తగ్గించాడు. మగకూలీకి రోజుకు ఒక పౌను గింజల వెల, దానిమీద ఒక అణా. పౌను అంటే మన లెక్కన అరకిలోకు తక్కువే. ఎండలో రాళ్లు కొట్టి, మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. శిబిరాల్లో కూలీల ఒళ్లు కరిగిపోతున్న తీరే అతని సాక్ష్యం. కొన్ని నెలల తర్వాత ఆ రేటు సడలించక తప్పలేదు.

ఈ సంఘటనను కేవలం ఒక క్రూరమైన అధికారి కథగా చూస్తే దాని సారాంశం చేజారిపోతుంది. కనీస కూలి అనే భావన మన నేలమీద అడుగుపెట్టింది ఈ రూపంలోనే. మనిషికి ఎంత కావాలని ఆ మనిషిని ఎవరూ అడగలేదు. ఎంత తక్కువ ఇస్తే చావకుండా పని చేస్తాడన్నదే ప్రశ్న. జీవనవ్యయాన్ని కూలి ఇచ్చేవాడే లెక్కగట్టడం అన్న అలవాటు అక్కడ మొదలై, తర్వాత ఓడలెక్కి కూలీలతోపాటు ప్రయాణం చేసింది.

నేటాల్‌లో పది షిల్లింగులు

భారతీయ కూలీలతో మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1866లో ఆగిపోయిన ఆ వలస 1874లో మళ్లీ మొదలయింది. రెండేళ్లకే ధాత కరువు వచ్చింది. మద్రాసు రేవులోని డిపోలకు మనుషులను తోలుకుపోయే దళారులకు అంతకంటే మంచి కాలం ఏముంటుంది? 1911లో భారత ప్రభుత్వం ఆపే నాటికి నేటాల్‌కు వెళ్లినవాళ్లు లక్షా యాభై వేలకు పైమాటే. వారిలో అత్యధికులు మద్రాసు రేవు నుంచే వెళ్లారు. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం జిల్లాలు ఆ వలసకు ముఖ్యమైన ఊటలు.

ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెరిగి అయిదో ఏటికి 14. తిండిగింజలు, వసతి యజమానివి. 10 షిల్లింగులంటే రూపాయి రెండు షిల్లింగులున్న రోజుల్లో అయిదు రూపాయలు. 1890ల చివర రూపాయి విలువ పడిపోయాక ఏడున్నర. కరువు పల్లె నుంచి చూస్తే అది పెద్ద మొత్తమే. నేటాల్ చెరకు తోటల యజమాని వైపు నుంచి చూస్తే అదే అతి చవక. ఒకే కూలి ఒకచోట ఆశగానూ మరోచోట లాభంగానూ కనిపించే ఈ తేడాలోనే వలస వ్యాపారమంతా నడిచింది.

నేటాల్‌లో పనిచేసేవాళ్లు లేకనా మనవాళ్లను తీసుకుపోయారు? లక్షలాది జులూలు అక్కడే ఉన్నారు. వాళ్లకు ఇంకా పశువులున్నాయి, సాగు చేసుకునే నేల ఉంది. తోట యజమాని ఇచ్చే కూలికి ఏడాది పొడుగునా వంగి పనిచేయాల్సిన అవసరం వాళ్లకు లేదు. కూలి పెంచితే వచ్చేవాళ్లేమో. పెంచడం ఇష్టంలేని యజమానులు జులూలకు సోమరులని పేరు పెట్టి సముద్రం అవతలి నుంచి ఆకలితో ఉన్నవాణ్ణి తెచ్చుకున్నారు. ఆసియా వలస దేశాల్లో ఇదే నింద మలయ్‌లమీద, జావావాళ్లమీద, ఫిలిప్పీన్ ప్రజలమీద ఎలా మోపారో సయ్యద్ హుస్సేన్ అలటాస్ 1977లో ఒక పుస్తకమంతా రాసి చూపించాడు. తక్కువ కూలికి రాననేవాడే ‘సోమరి’ అన్నమాట.

తర్వాతి కథ ఇంకా నేర్పించేది. ఒప్పందం ముగిసిన భారతీయులు కూరగాయలు పండించారు, వీధుల్లో అమ్మారు, చిన్న కొట్లు పెట్టారు. నేటాల్‌లో కూరగాయలు చవకయ్యాయి. 1885లో నియమించిన రాగ్ కమిషన్ ఈ మేలును తన నివేదికలో ఒప్పుకుంది. అయితే తెల్లవాళ్లలో ఎక్కువమంది అభిప్రాయం ఏమిటో కూడా అదే కమిషన్ నమోదు చేసింది: భారతీయుడు ఒప్పందం కింద ఉండాలి, స్వేచ్ఛగా మాత్రం ఉండకూడదు. పరాయివాడి మీద ఎవరికీ అభ్యంతరం లేదు. పరాయివాడికి బేరమాడే హక్కు ఉండడం మీదనే అభ్యంతరం.

అందుకే 1895 చట్టం వచ్చింది. ఆ తర్వాత వచ్చే కూలీలు ఒప్పందం ముగిశాక ఇంటికి పోవాలి, లేదా మళ్లీ ఒప్పందం రాయాలి, రెండూ కాకపోతే మనిషికి ఏడాదికి 3 పౌన్లు పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. మొదటి ఏటి కూలి లెక్కన ఆరు నెలల జీతం! మొగుడు, పెళ్లాం, ఎదిగిన కొడుకు, ఎదిగిన కూతురు ఉన్న ఇంటికి 12 పౌన్లు. స్థానికులైన జులూల సంగతి ఏమిటి? వాళ్ల గుడిసెకు అంతకు ముందే పన్ను ఉంది. 1849లో 7 షిల్లింగులు, 1875లో అది 14 అయింది. 1905లో తలకు ఒక పౌను పన్ను వేశారు. మరుసటి ఏడు బంబాటా తిరుగుబాటు వచ్చింది. 1913లో భారతీయ గని కార్మికులు, తోట కూలీలు సమ్మె చేశారు. 1914లో 3 పౌన్ల పన్ను రద్దయింది.

ఈ రెండు పన్నులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి స్థానికుణ్ణి ఇంట్లోంచి పనిలోకి ఈడ్చడానికి, రెండోది పరాయివాణ్ణి పనిలోంచి ఇంటికి పోనివ్వకుండా పట్టుకోవడానికి. ఇద్దరి జీవనవ్యయాన్నీ చట్టంతో పెంచి ఇద్దరి కూలినీ అదుపులో పెట్టారు. ఆ ఇద్దరూ ఒకరినొకరు పోటీదారులుగా చూసుకున్నారే గాని ఆ రెండు పన్ను రసీదులను కలిపి చదివే అవకాశం ఆ సమాజం వాళ్లకు ఇవ్వలేదు.

రంగూన్ రేవు, 1930

మన చిత్తూరు ప్రాంతం నేటాల్, ఫిజీ, మలయాల వైపు పోతే, కోస్తా తెలుగు జిల్లాలు బర్మాకు పోయాయి. అక్కడ రంగూన్ ‘రంగం’ అయింది. రంగం పోవడం ఒక జీవనవిధానం అయింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లందరినీ ‘కోరంగీలు’ అన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. సుమారు నాలుగు లక్షల జనాభా ఉన్న రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది, పాకీపని చేసింది, బియ్యం మిల్లుల్లో ఊక పీల్చింది ఎక్కువగా తెలుగువాళ్లే.

ఈ కూలీకీ కంపెనీకీ మధ్య ఒక నిచ్చెన ఉంది. పైన ఓడ కంపెనీ, కింద సరుకు దించే స్టీవెడోర్ కంపెనీ, దాని కింద కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ, అట్టడుగున కూలీ. పడవ చార్జీ, ఊళ్లో అప్పు తీర్చడానికి బయానా మేస్త్రీ ఇస్తాడు. ఆ అప్పు తీరేదాకా కూలీ మేస్త్రీ సొత్తు. ప్రతి మెట్టు దగ్గరా కొంత కోత పడి చివరికి మిగిలినదే కూలి. మేస్త్రీ కూడా తెలుగువాడే కావడం వల్ల ఈ దోపిడీ చాలాకాలం బంధుత్వంలా కనిపించింది.

1930 మే నెల. 5వ తేదీన గాంధీని అరెస్టు చేశారు. అదే రోజు సాయంత్రం పెగూ భూకంపం రంగూన్‌నూ కుదిపింది. ఆ నెలలోనే తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మెకట్టారు. స్టీవెడోర్ కంపెనీలు బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. ఆ బర్మీయులు ఎవరు? భూమి పోగొట్టుకుని పట్టణం చేరినవాళ్లు, వరి ధర పడిపోతుంటే పల్లెలో పని దొరకనివాళ్లు. వాళ్లకు ఆ రేవు పని మొదటిసారిగా తెరుచుకున్న తలుపు. కొన్ని రోజులు పనిచేశారు. ఇంతలో కంపెనీలు తెలుగు కూలీలతో రాజీకి వచ్చి కూలి కొంత పెంచాయి. మే 26 ఉదయం తెలుగువాళ్లు పనిలోకి వచ్చారు. పని తమదేననుకుని బర్మీయులూ వచ్చారు. వాళ్లకు ఇక పని లేదన్నారు. రేవు దగ్గర హేళనలు, తోపులాటలు మొదలై ఆ రోజే ఊచకోతగా మారాయి. అధికార లెక్కల ప్రకారమే వందకు పైగా చనిపోయారు, వందలాది మంది గాయపడ్డారు. చచ్చినవారిలో ఎక్కువమంది తెలుగు కూలీలు.

ఈ ఘటనను జాతుల మధ్య ద్వేషంగా చరిత్ర పుస్తకాలు రాశాయి. కాని వరస చూడండి. తెలుగు కూలీ అడిగింది బర్మీయుడి పని కాదు, తన కూలి. బర్మీయుడు వచ్చింది సమ్మె విరగ్గొట్టాలని కాదు, కడుపు నింపుకోవాలని. ఇద్దరినీ పిలిచినవాడు ఒకడే. పిలిచి, బేరంలో ఒకణ్ణి రెండోవాడి మీద బరువుగా వాడుకుని, బేరం తెగగానే ఒకణ్ణి గేటు బయట వదిలేశాడు. ఆ ఉదయం గేటు దగ్గర లేనివాడు అతనొక్కడే.

తర్వాతి పరిణామాలు తెలిసినవే. ‘బర్మా మనది’ అనే దొబామా ఉద్యమం ఈ అల్లర్ల వెంటనే పుట్టింది. అదే డిసెంబరులో సయా సాన్ రైతాంగ తిరుగుబాటు లేచింది. వరి ధర సగానికి పడిపోయింది. దిగువ బర్మాలోని 13 ముఖ్య వరి జిల్లాల సాగుభూమిలో చెట్టియార్ల చేతిలో ఉన్నది 1930లో 6 శాతమైతే, 1937 నాటికి 25 శాతం అయింది. బర్మా రైతు దృష్టిలో తన భూమిని అప్పుకింద జమచేసుకున్న చెట్టియారూ, రేవులో బస్తా మోసే కోరంగీ ఇద్దరూ ‘ఇండియావాళ్లే’. దోపిడీ చేసేవాడి మీద కోపం అందుబాటులో ఉన్న బీదవాడి మీద తీరింది. 1938లో మళ్లీ అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది మంది కొండదారుల్లో నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే రాలిపోయారు.

1941లోనే జేమ్స్ బాక్స్‌టర్ తన విచారణ నివేదిక ఇచ్చాడు. భారతీయ కూలీలు బర్మీయుల పనిని లాక్కోలేదు, మొత్తం మీద బర్మీయులు చేయని పనికి అదనంగా చేరారు అన్నది అతని నిర్ణయం. ఈ మాట మనకు ఊరటగా ఉండవచ్చు. కాని అంతటితో ఆగితే మనం సగం నిజం దగ్గరే ఆగినట్టు. బర్మీయులు ఆ పని ఎందుకు చేయలేదన్నది అసలు ప్రశ్న.

పల్లె మోసిన సగం

దీనికి సమాధానం 1928లో రంగూన్‌లో అచ్చయిన మరో నివేదికలో దొరుకుతుంది. రంగూన్ కార్మికవర్గాల జీవనప్రమాణం, జీవనవ్యయం మీద బెన్నిసన్ అనే అధికారి జరిపిన విచారణ అది. అందులో బర్మీయుల విషయంలో కుటుంబాల బడ్జెట్లు లెక్కకు వచ్చాయి. తెలుగు, తమిళ, ఒరియా, హిందూస్తానీ కూలీల విషయంలో ప్రధానంగా లెక్కకు వచ్చింది కుటుంబం వెంట లేని ఒంటరి మగవాళ్ల బడ్జెట్లు. ఎందుకంటే రంగూన్‌లో ఉన్నది వాళ్లే; వాళ్ల ఆడవాళ్లు విశాఖ, గోదావరి జిల్లాల్లో ఉన్నారు.

ఈ ఒక్క తేడాలో మన సమస్య మొత్తం ఇమిడి ఉంది. బర్మీయుడి కూలి పెళ్లాన్నీ పిల్లల్నీ సాకాలి, ఇంటి అద్దె కట్టాలి, ముసలివాళ్లను చూడాలి. తెలుగు కూలీ కిక్కిరిసిన బస గదిలో చాప పరచుకుని పడుకుంటాడు. అతని పిల్లలు పెరిగేది పల్లెలో. అతని పెళ్లాం నాట్లు వేసి, కలుపు తీసి, గింజలు దంచి ఆ పిల్లల్ని సాకుతుంది. జబ్బుపడితే అతను చేరేది పల్లెకే, ముసలితనంలో చేరేదీ పల్లెకే. అంటే రంగూన్ బియ్యం వ్యాపారానికి కావలసిన శ్రమశక్తిని కని, పెంచి, మరమ్మతు చేసి, చివరికి పాతిపెట్టే ఖర్చు తెలుగు పల్లె భరించింది. కంపెనీ భరించింది మధ్యలో పనిచేసే రోజులు మాత్రమే.

పరాయి కూలీ చవక కావడానికి మూలం ఇదే. అతని రక్తంలో ఏదో తక్కువతనం లేదు, అతనికి తక్కువలో బతికే కళ ఏదీ లేదు. అతని జీవనవ్యయంలో సగం ఎక్కడో ఉన్న ఒక ఆడమనిషి జీతం లేకుండా మోస్తోంది. ఆ సగం కంపెనీ లెక్కల్లో కనబడదు, బెన్నిసన్ పట్టికల్లో కనబడదు. బర్మీయుడు ఖరీదైన కూలీగా, సోమరిగా కనిపించడానికి కూడా కారణం ఇదే: అతను మొత్తం ఖర్చు అడిగాడు. పల్లెలో కూలి గిట్టుబాటుగా ఉంటే రంగం పోయేవాడు ఉండడు. రంగంలో కూలి కుటుంబానికి సరిపడా ఉంటే ఒంటరిగా పోయేవాడు ఉండడు. రెండుచోట్లా కూలి తక్కువ ఉండడమే మేస్త్రీకి పెట్టుబడి.

అందువల్ల పరాయి కూలీ స్థానికుడి కూలిని తగ్గిస్తాడా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. అవును, తగ్గించడానికి అతణ్ణి వాడుకుంటారు. అయితే అతను వాడుకోవడానికి పనికొచ్చేది అతనికి హక్కులు లేనంత కాలమే. 1930 మేలో తెలుగు కూలీలు సమ్మెకట్టిన రోజున వాళ్లు చవక కూలీలుగా ఉండడం మానుకున్నారు. సరిగ్గా ఆ రోజునే కంపెనీకి బర్మీయుడి అవసరం కలిగింది.

ఇప్పటి లెక్క

ఇది పాతకథ కాదు. కడప, రాయచోటి, రాజంపేట, పీలేరు వైపు నుంచి ఇళ్లలో పనికి కువైట్ పోయే ఆడవాళ్లను తలచుకోండి. రంగం రోజుల్లో మగవాడు పోతే ఆడది పిల్లల్ని సాకింది. ఇప్పుడు తల్లే పోతే పిల్లల్ని సాకే పని అవ్వమీద పడింది. పల్లె మోసే సగం బరువు ఒక తరం పైకి జరిగింది, అంతే. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం ఒక చట్టం చేసి 2016లో కనీస వేతనం 60 దినార్లని ప్రకటించింది. అది ఆనాడు సుమారు 200 డాలర్లు. అదే పనికి తమ దేశస్థులకు 400 డాలర్లు ఉండాలని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అంతకు పదేళ్లకు ముందే పట్టుబట్టింది. ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో, పాస్‌పోర్టును బట్టి కూలి.

మన ప్రభుత్వం ఏం చేసింది? గల్ఫ్ దేశాలకు పోయే కార్మికులకు ఇంత తక్కువ కాకుండా ఇవ్వాలని కేంద్రం ఒక కనీస వేతనాన్ని సిఫారసు చేస్తుంది. 2020 సెప్టెంబరులో ఆ రేట్లను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఇతర దేశాల కూలీలతో పోటీలో మనవాళ్లు పనులు పోగొట్టుకోకూడదన్నది చెప్పిన కారణం. వలస కార్మికుల సంఘాలు ఆందోళన చేసి, తెలంగాణ హైకోర్టుకు పోయిన మీదట 2021 జూలైలో ఆ ఉత్తర్వులను వెనక్కు తీసుకుంది. టెంపుల్ కూలి లెక్కకూ దీనికీ పోలిక నేను వెతికి తెచ్చింది కాదు. మనిషిని చవక చేయడమే అతనికి మేలు చేయడమని చెప్పే తర్కం రెండింటిలోనూ ఒకటే.

ఇక మన ఊరి సంగతి. ఇటుక బట్టీల్లో, కట్టడాల దగ్గర, హోటళ్లలో ఒడిశా, బీహారు, బెంగాల్ కుర్రవాళ్లు కనిపిస్తున్నారు. ఊళ్లో కూలి పాడుచేస్తున్నారని మనవాళ్ల ఫిర్యాదు. అసలు మనవాళ్లకే గిట్టుబాటు లేని కాలం ఇది. 2025 సీజన్‌లో తోతాపురి మామిడికి కిలోకు 12 రూపాయలు దక్కుతాయని, అందులో గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇస్తాయని ప్రకటించారు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరసలు కట్టాయి. ఆ 8 కూడా చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కారు. ధర తగ్గించింది ఫ్యాక్టరీ. రైతు తగ్గించగలిగింది మాత్రం కాయ కోసే కూలీకి ఇచ్చే డబ్బులే. ఆ కూలీకి ఎదురుగా కనిపించేది బయటినుంచి వచ్చిన కుర్రవాడు. కోపం మెట్టు మెట్టుగా దిగి, చివరి మెట్టు మీద ఉన్నవాడి దగ్గర ఆగుతుంది. రంగూన్ నిచ్చెన లాంటిదే ఇది.

ఈ విషయం చట్టానికి తెలియదని కాదు. ఒరిస్సా ‘దాదన్’ కూలీల దుస్థితి చూసి పార్లమెంటు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. అదే పని చేసే స్థానికుడికంటే వలస కూలీకి తక్కువ ఇవ్వకూడదని అందులో స్పష్టంగా రాశారు. ఇల్లు వదిలి వచ్చినందుకు స్థానభ్రంశ భత్యం కూడా పెట్టారు. పల్లె మోసే సగం ఖర్చును ఒక చట్టం కొంచెమైనా గుర్తించింది అక్కడే. అమలు ఎంత జరిగిందో 2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారుల మీద నడిచిన పాదాలే చెప్పాయి. అదే 2020లో ఆమోదించిన కార్మిక కోడ్ ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. ప్రయాణ భత్యం మిగిలింది, స్థానభ్రంశ భత్యం మాయమయింది.

రచయితల పని

తెలుగు సాహిత్యం వలస కూలీని పట్టించుకోలేదని అనలేం. మన పాటల్లో, కథల్లో రంగం ఉంది, గల్ఫ్ ఉంది, బొంబాయి ఉంది. కాని మనం రాసింది ఎక్కువగా పోయినవాడి కన్నీళ్లు. పోయినచోట అతని పక్కన నిలబడ్డ స్థానిక కూలీ మన కథల్లో దాదాపు లేడు. 1930 మే 26 ఉదయం పని ఉందనుకుని రేవుకు వచ్చి గేటు బయట నిలబడిపోయిన బర్మీయుడి గురించి తెలుగులో ఒక మంచి కథ ఉండాలి. ఆ కథ రాయగలిగినవాడే ఈనాడు మన ఇటుక బట్టీ దగ్గర ఒరియా కుర్రవాడి గురించి రాయగలడు. ఎందుకంటే రంగూన్‌లో మనం ఎక్కడ ఉన్నామో ఇక్కడ ఆ కుర్రవాడు అక్కడ ఉన్నాడు. బర్మీయుడు ఉన్నచోట ఇప్పుడు మనం ఉన్నాం.

అలా రాయడమంటే ఇద్దరిమీదా జాలి పంచడం కాదు. కూలి లెక్కను కథలోకి తేవడం. ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరు ఎంత కోశారు, ఆ రోజు కిలో బియ్యం ఎంత, ఇంటి దగ్గర పిల్లలకు సంగటి వండిపెట్టినది ఎవరు అన్న ప్రశ్నలు పాత్రల నోటినుంచి రావాలి. సాహిత్య విద్యార్థులకు నాదొక సూచన. మీ జిల్లాలో రంగం, మలయా, నేటాల్, కువైట్ పోయినవాళ్ల ఇళ్లలో ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, పాత పాస్‌పోర్టులు ఇంకా ఉంటాయి. వాటిని సేకరించండి. సేకరించేటప్పుడు పోయినవాళ్ల గురించి ఎంత అడుగుతారో, ఇంట్లో ఉండిపోయినవాళ్ల గురించి కూడా అంతే అడగండి. ఆ అవ్వలు, అమ్మలు ఏ పనికి ఎన్ని గింజలు తెచ్చారో వాళ్లకు ఇంకా గుర్తే. ఆ లెక్క ఏ ప్రభుత్వ నివేదికలోనూ రాలేదు, రాయవలసినవాళ్లం మనమే.